ఆసుపత్రిలో వెలి

తెలుగునాట ఒక పేట పేరు తిట్టుగా మారినది. "వీనిని ఎర్రగడ్డకు పంపవలెను" అనిన చాలును, సభలో నవ్వు పుట్టును. హైదరాబాదు నగరమున ఆ పేటలో మానసిక చికిత్సాలయ ముండుటయే ఆ నవ్వునకు కారణము. అదే ఎర్రగడ్డలో క్షయరోగులకును, ఊపిరితిత్తుల రోగులకును వేరొక పెద్ద ఆసుపత్రి కలదు. దాని పేరు చెప్పి ఎవరును నవ్వరు. ఊపిరితిత్తి చెడినవాడు రోగి. మనస్సు చెడినవాడు మాత్రము వినోదవస్తువు!

1912వ సంవత్సరపు చట్టము ఈ రోగులను "లూనటిక్కు"లని పిలిచెను. 1987నాటి చట్టము ఆ మాటను తొలగించెను. 2018 మే 29వ తేదీనుండి అమలులోనున్న 2017నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము మరికొంత ముందునకు బోయి, మనోవ్యాధిగ్రస్తునకు దేహరోగితో సమానముగా చికిత్స పొందు హక్కు కలదని శాసించినది. మద్యమువలనను, మాదకద్రవ్యములవలనను కలుగు మనోవికారములను గూడ మనోవ్యాధులలోనే చేర్చినది. రోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది. 2001 ఆగష్టు 6వ తేదీని తమిళనాటి ఏర్వాడిలో అగ్నిప్రమాదము సంభవించినప్పుడు గొలుసులతో కట్టబడియున్న 28 మంది రోగులు తప్పించుకొనజాలక మరణించిరి. ఆ ఘోరము తరువాత ఇట్టి నిషేధము శాసనరూపము దాల్చుటకు పదియారేండ్లు పట్టెను.

శాసనము బాగుగనే యున్నది. కాని మేమిచ్చట చెప్పదలచినది పల్లెలలోని భూతవైద్యులను గూర్చి గాని, నిరక్షరాస్యుల మూఢవిశ్వాసములను గూర్చి గాని కాదు. వారిని నిందించుట సులభము. నిందించి నిందించి మన కలములు అరిగినవి. వెలి జరుగుచున్నది చదువుకొన్నవారి చేతులలోనే, పట్టభద్రులైన వైద్యులును, శిక్షణ పొందిన నర్సులును ఉన్న ఆసుపత్రులలోనే యని మా అభియోగము.

ఒక రైతును ఊహింపుడు. మోటారుసైకిలుపైనుండి పడి కాలు విరిగినది. జిల్లా ఆసుపత్రికి తెచ్చిరి. పదిమంది బంధువుల యెదుట, వార్డంతయు వినునట్లు, "త్రాగుదువా?" యని ప్రశ్న. ఆ ప్రశ్నలో విచారణకన్న తిరస్కారమే యెక్కువ. బావమరది ప్రక్కనే నిలిచియున్నాడు. "లేదండీ" యని రైతు చెప్పును. ఏండ్ల తరబడి ప్రతిదినము త్రాగుచున్న దేహమునకు మద్యము హఠాత్తుగ ఆగినచో, కొన్ని గంటలలోనే చేతులు వణకును. రెండు దినములలోపల మూర్ఛలు రావచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినము లోపల కొందరికి సన్నిపాతము వంటి దశ కలుగును. లేని పురుగులు ప్రాకుచున్నట్లు కనుపించును, నాడి పరుగెత్తును, దేహము మండును, తానెచ్చట నున్నదియు తెలియదు. దీనికి పాశ్చాత్యవైద్యులు డెలీరియం ట్రెమెన్స్ అని పేరిడిరి. సకాలమున చికిత్స లేనిచో ఇది ప్రాణాంతకము. ముందుగ తెలిసినచో డయజిపాము వంటి మందును క్రమక్రమముగ తగ్గించుచు ఇచ్చి, థయామిను అను విటమిను సూదిమందు వేసి, చాలమందిని ఈ ఆపదనుండి తప్పింపవచ్చును. కాని మన రైతు "లేదు" అని చెప్పెను గదా! మూడవనాటి రాత్రి అతడు కేకలు వేయుచు కట్టు విప్పుకొనుచుండగా, "త్రాగుబోతు, అల్లరి చేయుచున్నాడు" అని మంచమునకు కట్టివేయుదురు. అతడు చెప్పిన అబద్ధమునకు మూల్యము అతడే చెల్లించును. ఆ అబద్ధమును చెప్పించిన కంఠస్వరమునకు మాత్రము ఏ లెక్కయు లేదు.

ఇది ఎక్కడనో యొక్కరికి కలుగు దురదృష్టము కాదు. 2015 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వము కల్తీకల్లుపై దాడులు సాగించినప్పుడు నిజామాబాదు, మహబూబునగరు జిల్లాల ఆసుపత్రులు ఇట్టివారితో నిండెను. ఆ కల్లులో డయజిపాము, ఆల్ప్రజోలాము, క్లోరల్ హైడ్రేటు వంటి మందులు కలుపుచుండిరి. తాను దేనికి దాసుడైనదియు త్రాగువానికే తెలియదు! మరల 2020 మార్చిలో దేశమంతయు దిగ్బంధమై మద్యపు దుకాణములు ఒక్కసారిగ మూతపడగా, కొలదిదినములకే ఎర్రగడ్డకు ఈ రోగుల రాక హెచ్చెను. నగరవాసులు ఆ వార్తను హాస్యముగ చెప్పుకొనిరి.

ప్రాచీనులు ఈ విషయమున రెండు త్రోవలు త్రొక్కిరి. మనుస్మృతి సురాపానమును మహాపాతకములలో చేర్చి, ద్విజునకు మరుగుచున్న సురను త్రాగుటయే ప్రాయశ్చిత్తమని విధించెను. చరకుడు అట్లు గాక, చికిత్సాస్థానమున ఇరువదినాలుగవ యధ్యాయమును మదాత్యయమునకు కేటాయించి, వాత పిత్త కఫ భేదములను విచారించి, మితముగ మద్యమునే ఔషధముగ నొసగి రోగిని కుదుటపరచు విధానమును గూడ చెప్పెను. సుశ్రుతుని ఉత్తరతంత్రమునను పానాత్యయమునకు ప్రత్యేకాధ్యాయము కలదు. మన పూర్వులు సర్వమును ఎరిగియుండిరని గర్వించుటకు మేమీ మాట చెప్పుట లేదు. ఉన్మాదచికిత్సలో బంధించుట, భయపెట్టుట అను పద్ధతులను గూడ ఆ చరకుడే పేర్కొనెను. కాని పాపమును తూచు త్రాసు ఒకటి, నాడిని చూచు వ్రేలు వేరొకటి యని ఆతడెరుగును. నేటి ఆసుపత్రిలో స్టెతస్కోపు ధరించినవాడు చరకుని వదలి మనువు తీర్పును చెప్పుచున్నాడు.

"సొంతడబ్బుతో త్రాగి చెడినవానికి ప్రజల సొమ్ముతో మంచమేల?" అని కొందరు పెద్దలు ప్రశ్నింతురు. పొగచుట్టలు కాల్చి గుండె చెడగొట్టుకొన్నవానిని ఎవరైన ఇట్లు ప్రశ్నించిరా? మద్యనిషేధోద్యమములు మనకు క్రొత్త కాదు. 1937లో సేలము జిల్లాలో ప్రారంభమైన నిషేధము మరుసటి యేడు చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపించెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా అంగళ్లపై కత్తి గట్టిరి. 1995 జనవరి 16న సంపూర్ణనిషేధము వచ్చెను, 1997లో సడలెను. ఆ తల్లుల పోరాటము న్యాయమైనది. అంగడి మూయించుటకు వారు పడిన శ్రమలో శతాంశమైనను, అప్పటికే వ్యసనమునకు లోబడిన దేహములను బాగుచేయుటకు వైద్యశాఖ పడలేదు. అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థవారు 2019లో ప్రకటించిన నివేదిక ననుసరించి, మద్యమునకు బానిసలైనవారు 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో యొక చికిత్స లభించినది.

మనోవ్యాధిగ్రస్తుని కథ ఇంకను దయనీయము. అతనికి ఛాతీలో నొప్పి వచ్చినచో, "ఇదియు వాని పిచ్చిలోనిదే" యని త్రోసివేయుట కలదు. తీవ్రమైన మనోవ్యాధి గలవారు ఇతరులకన్న పది మొదలు ఇరువది యేండ్లు ముందుగ మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఆ మరణములలో పెక్కింటికి కారణము నివారింపదగిన దేహరోగములే.

మాటలో నేమున్నదని యనవద్దు. 2010లో అమెరికాలో కెల్లీ, వెస్టర్‌హాఫ్ అను పరిశోధకులు 500 మందికి పైబడిన మానసికచికిత్సకులకు ఒకే రోగి వృత్తాంతమును రెండు విధములుగ వ్రాసి యిచ్చిరి. ఒక ప్రతిలో అతడు మాదకద్రవ్యములను దుర్వినియోగము చేయువాడు. రెండవదానిలో మాదకద్రవ్యవ్యాధి గలవాడు. తక్కినదంతయు సమానమే. మొదటి ప్రతి చదివినవారు తప్పంతయు రోగిదేనని, అతనికి శిక్షయే తగునని అధికముగ మొగ్గిరి. చదువుకొన్న చికిత్సకులనే ఒక్క మాట ఇట్లు త్రిప్పగలిగినప్పుడు, కేసుషీటుపై "త్రాగుబోతు" అని వ్రాసిన సిరా ఎంత దూరము పోవునో పాఠకులే యూహింపవచ్చును. హంతకుడెవడైనను "ఉన్మాది" యని శీర్షిక గట్టు మన పత్రికలును ఈ విషయమున వైద్యులకు పాఠము చెప్పదగినంత శుద్ధముగ లేవు.

మన వైద్యవిద్యలో మానసికశాస్త్రమునకు ప్రత్యేకపరీక్ష లేదు, ఎం.బి.బి.యస్.లో అది సామాన్యవైద్యమునకు తోకగా నున్నది. పరీక్షలో లేనిదానిని విద్యార్థి చదువునా? మొదట మార్చవలసినది ఇదియే. ఇక రోగి భయములలో పోలీసుల భయమొకటి. చికిత్సకై స్వయముగ వచ్చిన మాదకద్రవ్యవ్యసనపరునికి, చట్టములో పేర్కొన్న స్వల్పనేరముల విషయమున, మాదకద్రవ్యచట్టపు 64-ఎ నిబంధన అభియోగమునుండి రక్షణ నిచ్చుచున్నది. రోగి రహస్యమును కాపాడుట వైద్యునికి 2017నాటి చట్టము విధించిన కర్తవ్యము. ఈ రెండు సంగతులను తెలుగున వ్రాయించి ప్రతి ఆసుపత్రి గోడకును తగిలింపవలెను. ఇంటినుండియే మాటలాడగోరువారికి 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీమానస్ కలదు. దాని సంఖ్య 14416.

మిగిలినది ఆ ప్రశ్న. చక్కెరవ్యాధి యున్నదా, రక్తపుపోటు ఉన్నదా యని అడుగు స్వరముతోనే, బంధువులను కొంచెము దూరముగ నిలువుమని చెప్పి, "దినమునకు ఎంత త్రాగుదురు? చివర త్రాగినది ఎప్పుడు?" అని అడుగవలెను. ఇందులకు కావలసినవి మంచమున కడ్డముగ ఒక తెర, రెండు నిమిషముల కాలము, మందులగదిలో చవుకయైన రెండు మందులు.