మినిమమ్ ఎస్‌డీకే

2025 సీజన్ నుంచి భారత పత్తి సంస్థ (సీసీఐ)కి పత్తి అమ్మాలంటే ‘కపాస్ కిసాన్’ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. వరంగల్ రైతుకు పంటతో పాటు ఫోన్ కూడా అక్కరకొచ్చే సరుకైంది. అయితే ఏ యాప్ అయినా ప్రతి ఫోన్‌లోనూ ఎక్కదు. ఫోన్‌లో కనీసం ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ ఉండాలో చెప్పే హద్దే మినిమమ్ ఎస్‌డీకే.

ప్రతి వెర్షన్‌కూ ఒక అంకె ఉంటుంది: ఆండ్రాయిడ్ 5కు 21, ఆండ్రాయిడ్ 8కి 26. డెవలపర్ 26 అని రాస్తే ఆండ్రాయిడ్ 7 ఫోన్‌లో ఆ యాప్ ఇన్‌స్టాల్ కాదు. పాత వెర్షన్ యాప్ అందుబాటులో ఉంటే ప్లే స్టోర్ దాన్నే ఇస్తుంది. లేదంటే ‘ఈ పరికరానికి సరిపోదు’ అంటుంది.

హద్దు తగ్గిస్తే ఎక్కువ ఫోన్లకు యాప్ చేరుతుంది. కానీ కొత్త భద్రతా సౌకర్యాలు పాత వెర్షన్లలో ఉండవు. పాత వెర్షన్ల కోసం విడిగా కోడ్ రాయాలి, పాత ఫోన్లలో మళ్లీ పరీక్షించాలి. అందుకే కొన్ని యాప్‌లు హద్దు పెంచుతాయి: 2025 జనవరి నుంచి వాట్సాప్ ఆండ్రాయిడ్ 4.4ను వదిలేసింది.

కొడుకు వాడిన ఫోన్ తండ్రి చేతికొచ్చే ఇళ్లలో ఈ అంకె చాలా ముఖ్యం. యాప్ తప్పనిసరి చేసినప్పుడు ఈ అంకెను ముందే, పెద్దక్షరాలతో ప్రకటించాలి. మీ ఫోన్ వెర్షన్ సెట్టింగ్స్‌లోని ‘అబౌట్ ఫోన్’లో కనిపిస్తుంది.