బల్లి రాశిలో దొంగ చుక్క

ఉత్తరాకాశంలో హంస రాశి పక్కనే బల్లి అనే చిన్న నక్షత్రరాశి ఉంది. అందులోని ఒక చుక్క వెలుగు హెచ్చుతూ తగ్గుతూ ఉన్నదని 1929లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కూనో హాఫ్‌మైస్టర్ గమనించాడు. వెలుగు మారే నక్షత్రాలు ఆకాశంలో బోలెడున్నాయి గదా! దీన్నీ వాటి పట్టికలో చేర్చి, బి.ఎల్. లాసర్టే అని పేరు పెట్టారు. 1968లో అసలు సంగతి బయటపడింది. ఆ చుక్క నుంచి బలమైన రేడియో తరంగాలు వస్తున్నాయి. మామూలు నక్షత్రాల పద్ధతి అది కాదు. చివరికి తేలిందేమంటే, అది నక్షత్రమే కాదు. సుమారు 90 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఒక గెలాక్సీ నడిబొడ్డు!

అంతటి గెలాక్సీ నడిబొడ్డున వెలుగు ఒక్కరోజులోనే మారిపోతుంది. ఇందులో వింత ఏమిటంటారా?

ఒక కిలోమీటరు పొడవున పిల్లలు బారులు తీరి నిలబడ్డారనుకోండి. అందరూ ఒకే క్షణంలో ఒక్క చప్పట్టు కొట్టారు. వరుస చివర నిలబడిన మీకు దగ్గరివాళ్ల చప్పుడు వెంటనే వినిపిస్తుంది. అవతలి కొసవాళ్లది చేరేసరికి 3 సెకన్లు పడుతుంది. కనుక ఒక్క చప్పట్టు కాస్తా మీ చెవికి మూడు సెకన్ల మోతగా సాగుతుంది. మోత ఎంతసేపు సాగిందో చూసి, వరుస ఎంత పొడవో చెప్పేయవచ్చు!

కాంతి విషయమూ అంతే. ఒక రోజులో వెలుగు మారిందంటే, ఆ వెలిగే చోటు ఒక రోజులో కాంతి నడిచే దూరాన్ని, అంటే సుమారు 2,600 కోట్ల కిలోమీటర్లను, మించి ఉండదు. ఇది నెప్ట్యూన్ కక్ష్య వ్యాసానికి దాదాపు మూడు రెట్లు మాత్రమే. కోటానుకోట్ల నక్షత్రాల వెలుగు ఇంత చిన్న చోట ఇమిడేదెలా? అక్కడ ఒక మహా కృష్ణబిలం ఉన్నదనీ, దానిలోకి సుడులు తిరుగుతూ పడే వాయువు కాగిపోయి ఈ శక్తి ఇస్తున్నదనీ శాస్త్రజ్ఞులు చెబుతారు. సూర్యునిలో హైడ్రోజన్ హీలియంగా మారినప్పుడు ద్రవ్యరాశిలో 0.7 శాతమే శక్తి అవుతుంది. ఇక్కడ సుమారు 10 శాతం!

అయితే 2006 జూలైలో ఈ లెక్కకే చిక్కు వచ్చింది. ఇదే జాతికి చెందిన పి.కె.ఎస్. 2155-304 అనే గెలాక్సీని నమీబియాలోని హెస్ దూరదర్శినులు చూస్తున్నాయి. దాని గామా కిరణాలు మూడు నాలుగు నిమిషాల్లోనే రెట్టింపయ్యాయి. అంత వ్యవధిలో కాంతి నడిచేది ఆరేడు కోట్ల కిలోమీటర్లు. కాని అక్కడి కృష్ణబిలం 100 కోట్ల సూర్యులంత బరువైనదని అంచనా. దాని వ్యాసమే 600 కోట్ల కిలోమీటర్లు ఉండాలి!

ఈ గెలాక్సీల కేంద్రం నుంచి పదార్థం ధారలుగా చిమ్ముకొస్తుంది. వాటిలో ఒక ధార ఇంచుమించు మనవైపే, దాదాపు కాంతి వేగంతో వస్తుంది. తాను పంపిన కాంతి వెనకాలే తానూ పరుగెత్తుకొస్తుంది కాబట్టి, తరువాత పంపిన కాంతికి నడవవలసిన దూరం తగ్గుతుంది. అక్కడ గంటల తరబడి జరిగినది మనకు నిమిషాల్లో ముగిసినట్లు కనిపిస్తుంది. ఇంత వెసులుబాటు ఇచ్చినా, ధారలో మెరిసిన ముద్ద చాలా చిన్నదై ఉండాలి. అంత చిన్న ముద్దలో అంత శక్తి ఎలా పోగుపడిందన్నదానిపై వాదాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.