సుడిదోమ లెక్కలో మరణాల వాటా

ఒక ప్రదేశంలోని జీవుల సంఖ్య జననాల వల్ల, లోనికి వచ్చే వలసల వల్ల పెరుగుతుంది. మరణాల వల్ల, బయటికి పోయే వలసల వల్ల తగ్గుతుంది. జనాభా జీవావరణ శాస్త్రానికి ఇదే పునాది. ఈ నాలుగింటిలో పొలంలో సులభంగా కంటికి ఆననివి మరణాలు. వరిలో సుడిదోమ ఉధృతికి మూలం తరచుగా అక్కడే ఉంటుంది.

ఒక ఆడపురుగు 200 గుడ్లు పెట్టిందనుకుందాం. సంఖ్య స్థిరంగా ఉండాలంటే వాటిలో రెండే, అనగా నూటికి ఒకటే, పెద్ద పురుగులు కావాలి. నూటికి ఐదు బతికితే సంఖ్య తరానికి ఐదు రెట్లు, మూడు తరాలకు 125 రెట్లు అవుతుంది. మరణాలు 99 శాతం నుంచి 95 శాతానికి తగ్గడం కాగితంపై స్వల్పమే! ఒక తరం సుమారు నెల రోజుల్లో పూర్తయ్యే సుడిదోమకు పంటకాలంలో మూడు తరాలు అసాధ్యం కాదు. నత్రజని మోతాదు మించితే జననాలూ పెరుగుతాయి.

ఆ మరణాలకు ప్రధాన కారకులు మిత్ర పురుగులు. మిరిడ్ నల్లులు ఆకు తొడుగులోని గుడ్లను పీల్చివేస్తాయి. సాలీళ్లు పిల్ల, పెద్ద పురుగులను వేటాడతాయి. తొలిదశలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు పిచికారీ చేస్తే ఇవి నశిస్తాయి. తొడుగులో దాగిన గుడ్లు మాత్రం చాలావరకు మిగిలి, వాటి నుంచి వెలువడే పిల్లపురుగులకు శత్రువులు లేని మడి దొరుకుతుంది. వేటాడే జీవినీ, దాని ఆహారాన్నీ ఒకే నిష్పత్తిలో చంపినా సగటున ఆహారజీవే పెరుగుతుందని ఇటలీ గణితవేత్త వోల్టెర్రా 1926లో సమీకరణాలతో చూపాడు. ఆయన పరిశీలించినవి ఏడ్రియాటిక్ సముద్రపు చేపల లెక్కలు. ఇండోనేషియా 1986లో వరిపై 57 పురుగుమందులను నిషేధించడానికి కారణం, మందుల తరువాత సుడిదోమ మళ్లీ విజృంభించడమే.

సంఖ్య ఎంత పెరిగినా ఆవాసం భరించగల గరిష్ఠ స్థాయి వద్ద ఆగుతుందని పాఠ్యపుస్తకాల్లోని వక్రరేఖ చెబుతుంది. నిజమే. పురుగులు కిక్కిరిసినప్పుడు పొడవు రెక్కలవి ఎక్కువగా పుట్టి వలసపోతాయి. కానీ అప్పటికి చేను సుడులుగా ఎండిపోయి ఉంటుంది. ఆ సమతుల్యత రైతుకు నిరుపయోగం. అతనికి కావలసినది మిత్ర పురుగులు నిలిపే అల్పస్థాయి సమతుల్యత.

పిలక దశలో దుబ్బుకు 10–15, తరువాత 20–25 పురుగులను నష్టపరిమితిగా బోధిస్తున్నాం. సర్వే పట్టికలో సుడిదోమ సంఖ్య పక్కనే సాలీళ్లకు, మిరిడ్ నల్లులకు ఒక్కొక్క నిలువు వరుస చేర్చాలి. అవి కూడా దుబ్బు మొదళ్లలోనే ఉంటాయి గనుక, అదే దుబ్బును వంచి చూసినప్పుడు వాటినీ లెక్కించవచ్చు.