కాలవ గట్టు మీద ట్యూబు లేని టైరు

పల్లేరు కాయని అరచేతిలో పెట్టుకుని చూడండి. ఎటు తిప్పి వదిలినా ఒక ముల్లు నిటారుగా పైకి లేచే ఉంటుంది. గట్టు వెంట నల్లతుమ్మ కూడా తోడైతే సైకిలు టైరు గతి ఏమవుతుందో గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

నేను రోజూ కడియం వైపు నుంచి రాజమండ్రికి సైకిలు మీదే వస్తాను. సగం దారి తారు. మిగతా సగం కాలవ గట్టు. ఒకచోట ఎర్ర గ్రావెల్ పరిచి రోలరు తోలారు, ఇంకోచోట లారీల్లోంచి రాలిన కంకర, వానాకాలం వచ్చిందంటే ఒండ్రు బురద. ముళ్ళ బాధ పడలేక ట్యూబ్‌లెస్ టైర్లకి మారాను. మారిన కొత్తలో ఓ పొద్దున వెనక చక్రంలో గాలి తగ్గితే దారిలో పంచర్ల కొట్టు దగ్గర ఆపాను. పెద్దాయన చక్రం ఊడదీసి, అలవాటు చొప్పున టైరు అంచు కింద రేకు దూర్చి, లోపల వేళ్ళతో తడిమాడు.

"ట్యూబేదండీ మాస్టారూ?"

"లేదు బాబాయ్, ట్యూబ్‌లెస్."

"మోటారు సైకిలికంటే సరే. దీనికి ఇన్ని స్పోకులున్నాయి గదండీ, ఆ చిల్లుల్లోంచి గాలెలా ఆగుద్దండీ?"

సరిగ్గా ఆ చిల్లుల దగ్గరే సైకిలు టైరు కథ చాలాకాలం ఆగిపోయింది.

గాలి నింపిన చక్రాన్ని మొదట ఊహించినవాడు రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండు యువకుడు. 1845లో, 23 ఏళ్ళ వయసులో పేటెంటు తీసుకున్నాడు. రబ్బరు పట్టించిన గుడ్డ గొట్టంలో గాలి నింపి, పైన తోలు తొడిగి, గుర్రబ్బండి చక్రాలకి బిగించాడు. బండి చప్పుడు లేకుండా మెత్తగా నడిచింది. కానీ రబ్బరు ఖరీదు, చెయ్యడం కష్టం, అప్పటికింకా పెడలు సైకిలే లేదు. మరో రెండేళ్ళకి, 1847లో, ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని మొదలుపెట్టించాడు. 1852కి అది పూర్తయింది. కాలవలు తవ్వుతూ పక్కన పోసిన మట్టే గట్లు అయింది, ఆ గట్లే ఊళ్ళకి దారులయ్యాయి. నేను తొక్కే దారీ, నా టైరులోని ఊహా ఇంచుమించు ఒకే ఈడువి.

థామ్సన్ సంగతి లోకం మరిచిపోయాక, 1887లో బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండి కోసం అదే ఆలోచన మళ్ళీ చేశాడు. చెక్క చక్రం చుట్టూ పల్చటి రబ్బరు గొట్టం చుట్టి గాలి నింపాడు. పెరట్లో ముందు మామూలు చక్రాన్ని దొర్లించాడు. అది అవతలి కొసదాకా పోకుండానే వాలిపోయింది. గాలి చక్రం కొసదాకా వెళ్ళి గేటుకి కొట్టుకుని వెనక్కి తుళ్ళింది. 1888లో పేటెంటు వచ్చింది, తర్వాత రెండేళ్ళకి థామ్సన్ పాత పేటెంటు బయటపడి ఈ కొత్తది చెల్లకుండా పోయింది. పేరు మాత్రం డన్‌లప్‌దే నిలిచింది.

అయితే ఆ టైరుని చక్రానికి జిగురుతో అంటించేవారు. ముల్లు గుచ్చుకుంటే తంటా. 1889లో ఫ్రాన్సులోని క్లెర్మాఁ-ఫెర్రాఁలో మిషెలిన్ అన్నదమ్ముల కార్ఖానాకి ఒకాయన పంచరైన సైకిలుతో వచ్చాడు. టైరు ఊడదీసి బాగుచెయ్యడానికి మూడు గంటలు పట్టింది, జిగురు ఆరడానికి రాత్రంతా పట్టింది. ఈ అవస్థ చూసే వాళ్ళు ఊడదీయగలిగే టైరుని తయారుచేసి 1891లో పేటెంటు పొందారు. ఆ ఏడాదే సుమారు 1,200 కిలోమీటర్ల పారిస్-బ్రెస్ట్-పారిస్ పందెంలో షార్ల్ తెరోఁ ఆ టైర్లతోనే గెలిచాడు. లోపల విడిగా ట్యూబు, పైన ఊడొచ్చే టైరు, రోడ్డు పక్కనే ప్యాచీ వేసుకునే వీలు. మన పంచర్ల కొట్టులోని నీళ్ళ తొట్టి, బుడగలు, గరుకు కాగితం, సొల్యూషను అన్నీ ఆ ఏర్పాటు మీద పుట్టినవే. ఎంత వేగంగా పోతుందన్నదాని కంటే ఎంత తేలిగ్గా బాగుపడుతుందన్నదే టైరు కథని నడిపించిందని నా నమ్మకం.

ఇక పెద్దాయన ప్రశ్న. కార్లకి ట్యూబు తీసేసే పద్ధతి మీద అమెరికాలో గుడ్‌రిచ్ కంపెనీ ఇంజనీరు ఫ్రాంక్ హెర్జె పనిచేసి 1952లో పేటెంటు పొందాడు. కారు చక్రం రేకు పలక, దానికి స్పోకుల చిల్లులుండవు. మన మోటారు సైకిళ్ళకీ అల్లాయ్ చక్రం ఉంటే ట్యూబ్‌లెస్, స్పోకుల చక్రం ఉంటే మామూలుగా ట్యూబు ఉండేది అందుకే. పాత నల్ల సైకిలుకి ముందు చక్రంలో 32, వెనక 40, మొత్తం 72 స్పోకులు. అంటే గాలి పోయే దారులు 72. కొండదారుల సైకిళ్ళకి 1999లో మావిక్, మిషెలిన్, హచిన్‌సన్ కంపెనీలు కలిసి లోపలి గోడకి చిల్లులు లేని రిమ్ము తెచ్చాయి. తర్వాత ఇంకా సులువు దొరికింది. మామూలు రిమ్ము లోపల చిల్లుల మీదుగా గట్టి టేపు అంటించి, టైరు అంచు రిమ్ము గాడిలో బిగిసి కూచునేలా చేసి, లోపల సీలెంటు పోస్తే చాలు. కంప్రెసర్ గాలి ఒక్కసారిగా కొడితే టైరు అంచు టప్‌మని గాడిలో పడుతుంది. ఆ చప్పుడు విన్నాకే పెద్దాయన మొహంలో నమ్మకం కనిపించింది.

ఆ సీలెంటు చాలావరకు రబ్బరు పాలే. చెట్టు గాటులోంచి కారే పాలు గడ్డకట్టకుండా అమ్మోనియా కలుపుతారు. సీలెంటులోనూ అదే, పైగా సన్నటి నలుసులు కలుస్తాయి. ముల్లు గుచ్చుకుని గాలి చిమ్మినప్పుడు పాలు ఆ చిల్లులోకి ఎగదన్ని, నలుసులు అడ్డుపడి, అక్కడే గడ్డకడతాయి. మన గోదావరికి ఎగువన మన్యంలో, రంపచోడవరం, మారేడుమిల్లి ప్రాంతాల్లో రబ్బరు తోటలున్నాయి. చెట్టు తన గాయాన్ని మూసుకునే తీరులోనే టైరు తన గాయాన్ని మూసుకోవడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

గట్టు, తారు రెండూ తొక్కేవాళ్ళు ముందు చూడాల్సింది టైరు వెడల్పు, గాలి. ట్యూబు సంగతి ఆ తర్వాతే. నా బరువు 70 కిలోలు, సైకిలు, సంచీ కలిపి 15. వెనక చక్రం మీద 48 కిలోలు పడతాయనుకుందాం. 80 పీఎస్ఐ కొడితే టైరు నేలకి ఆనేది సుమారు 9 చదరపు సెంటీమీటర్లు. 40 పీఎస్ఐ అయితే 17. గాలి గట్టిగా ఉంటే బండి తేలిగ్గా పోతుందని చాలామంది అనుకుంటారు. నున్నటి తారు మీద అది కొంత నిజం. కంకర మీద మాత్రం గట్టి టైరు ప్రతి రాయి మీదా ఎగిరిపడుతుంది, మనం తొక్కిన బలం ఒళ్ళు కుదుపులోకి పోతుంది. మెత్తటి టైరు రాయిని తనలోకి ఇముడ్చుకుని సాగిపోతుంది. ట్యూబు ఉంటే అంత తక్కువ గాలితో తొక్కడం ప్రమాదం. గుంతలో పడగానే ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి, పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ట్యూబే లేకపోతే నలిగేదేముంది? ముళ్ళ సంగతి అలా ఉంచి, ట్యూబ్‌లెస్ వల్ల అసలు లాభం ఇదే.

అందుకని మన దారులకి 38 నుంచి 42 మిల్లీమీటర్ల టైరు సరిపోతుందని చెబుతాను. మధ్యలో నున్నగా, పక్కల్లో చిన్న గరుకు ఉంటే మేలు. పెద్ద మొటిమల టైరు తారు మీద రొద చేస్తుంది, ఒండ్రు బురదలో మొటిమల సందులు నిండిపోయి దాని పట్టూ పోతుంది. ఫోర్కుకీ టైరుకీ మధ్య చిటికెన వేలు దూరేంత సందు ఉండి తీరాలి, లేకపోతే ఒండ్రు అతుక్కుని చక్రం తిరగదు. నా బరువు వాళ్ళు ముందు 36, వెనక 40 పీఎస్ఐతో మొదలుపెట్టి తమకి కుదిరినట్టు మార్చుకోవచ్చు. ఎండలో పది డిగ్రీలు పెరిగితే టైరులో దాదాపు రెండు పీఎస్ఐ పెరుగుతుందన్నది గుర్తుంచుకోవాలి.

కొనేముందు టైరు పక్కన అచ్చేసిన అంకె చదవండి. గేరు సైకిళ్ళ 700 టైరుకి రిమ్ము వ్యాసం 622 మిల్లీమీటర్లు. మన తాతల నల్ల సైకిలు 28 × 1½ టైరుకి 635. పదమూడు మిల్లీమీటర్ల తేడా, ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. నల్ల సైకిలు ఉన్నవాళ్ళు విచారపడక్కర్లేదు. ఆ టైరు వెడల్పు 40 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఇప్పుడు గ్రావెల్ సైకిళ్ళ పేరుతో లోకమంతా వెతుకుతున్న వెడల్పు మన పాలవాళ్ళ సైకిళ్ళకి మొదటినుంచీ ఉంది. దానికి మంచి ట్యూబు వేసుకుని వాడుకోవడమే సరైన పని.

ట్యూబ్‌లెస్‌కి ఒక లోటు ఉంది, దాన్ని దాచకూడదు. సీలెంటు ఎండిపోతుంది. మొదటి ఏడాది మే నెలలో నా టైరు విప్పి చూస్తే పాల చుక్క లేదు, పల్చటి పొర, నాలుగు రబ్బరు ఉండలు మిగిలాయి. అంతకు ముందు వారమే గట్టు మీద తుమ్మ ముల్లు దిగి, మూడు కిలోమీటర్లు సైకిలు నడిపించుకుంటూ వచ్చాను. మన వేసవిలో మూడు నెలలకోసారి చూసుకోవాలి. ఈ వెడల్పు టైరుకి ఒక్కోదానికి 60 నుంచి 90 మిల్లీలీటర్లు పొయ్యాలి. పెద్ద కోత పడితే సీలెంటు ఆపలేదు, రబ్బరు దారం గుచ్చాలి. మోటారు సైకిళ్ళకి వాడే లావు దారం సన్నటి సైకిలు టైరుని ఇంకా చీలుస్తుంది, సన్న రకం అడగాలి. దారం గుచ్చే విద్య మన పంచర్ల కొట్లవాళ్ళకి ఇప్పటికే వచ్చు, కంప్రెసరూ ఉంది.

రోజూ తొక్కేవాళ్ళు, సీలెంటు చూసుకునే ఓపిక ఉన్నవాళ్ళు నిస్సందేహంగా ట్యూబ్‌లెస్‌కి మారవచ్చు. వారానికో రోజు తొక్కి మిగతా రోజులు గోడకి ఆనించేవాళ్ళకి ట్యూబే నయం. మారినవాళ్ళు కూడా సీటు కింద సంచిలో ఒక మామూలు ట్యూబు మడిచి పెట్టుకోండి. ఏ మందూ పనిచెయ్యని రోజున ఆ ట్యూబు వేసుకుని, పంపుతో గాలి కొట్టుకుని ఇంటికి రావచ్చు. ట్యూబు ఎక్కించే ముందు మాత్రం టైరు లోపలంతా వేళ్ళతో తడిమి, విరిగి ఉండిపోయిన ముళ్ళ మొనలన్నీ పీకెయ్యండి.