గఫూర్ గపూర్ ఎలా అవుతాడు? షాదీ కార్డులపై కొత్త మోడల్ అక్షరాల కథ

జమ్మికుంట: పత్తి మార్కెట్‌కు పోయి చేతికి నాలుగు పైసలు వచ్చాక చాలా ఇళ్లలో షాదీ పనులు మొదలవుతాయి. అందులో మొదటిది రుక్కా. ఇప్పుడు డిజైన్ ముందుగా ఫోన్‌కే వస్తోంది. నల్లని బ్యాక్‌గ్రౌండ్, దానిపై సన్నగా, డబ్బాల్లా మెరిసే బంగారు అక్షరాలు. పిల్లలు 'సూపర్' అంటారు. ఇంట్లో పెద్దాయన మాత్రం కళ్లద్దాలు సర్దుకుని అడుగుతాడు: "ఇది గఫూరా, గపూరా?"

ఆయన చూపులో తప్పు లేదు. ఆ అక్షరాల తయారీలోనే ఒక చిక్కు ఉంది.

ఈ స్టైల్ మనది కాదు, యూరప్‌లో పుట్టింది. 1927లో జర్మనీలో పాల్ రెన్నర్ గీసిన 'ఫ్యూచురా' ఫాంట్ దీనికి పెద్దన్న లాంటిది. అక్షరాల చివర తోకలు ఉండవు, గీతలన్నీ దాదాపు ఒకే మందం, 'ఓ' అంటే ఇంచుమించు పూర్తి వృత్తం. 1969లో అపోలో 11 చంద్రుడిపై వదిలి వచ్చిన ఫలకంపై ఉన్నవి ఈ అక్షరాలే. 1962లో ఇటలీలో అల్దో నొవారెసె 'యూరోస్టైల్' తెచ్చాడు. అందులో వృత్తం పోయి, పాత టీవీ తెరలా మూలలు తిరిగిన చదరం వచ్చింది. రాకెట్లు, కంప్యూటర్లు, రేపటి కాలం అనగానే సినిమా వాళ్లకు, కంపెనీలకు ఇదే లుక్ గుర్తొస్తుంది.

తెలుగులో ఆ దారికి దగ్గరగా వచ్చినది 'చతుర'. అప్పాజీ అంబరీష దర్భా రూపొందించిన ఈ ఫాంట్ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. బాగా సన్నం నుంచి బాగా లావు దాకా ఐదు మందాలు ఉన్నాయి. పెద్ద హెడ్డింగ్‌కు, సినిమా టైటిల్‌కు, మొబైల్ షాపు పేరుకు నిజంగానే అందంగా ఉంటుంది. అయితే ఒక సంగతి: సైజు నంబర్ అదే పెట్టినా ఇది మిగతా ఫాంట్ల కన్నా చిన్నగా కనిపిస్తుంది. డిజైనర్ అలవాటుగా పాత సైజే ఉంచేస్తే అడ్రస్ లైన్ చీమల బారు అవుతుంది.

అసలు ఇబ్బంది తెలుగు లిపిలో ఉంది. ఇంగ్లిష్ అక్షరాన్ని వృత్తం, చదరం, గీత అని విడదీసినా గుర్తు పట్టొచ్చు. తెలుగులో ఒక అక్షరానికీ మరో అక్షరానికీ తేడా చాలాసార్లు ఒక చిన్న గీతే. 'ప' కింద ఒత్తు గీత పెడితే 'ఫ'. లోపల గీత ఉంటే 'ష'. తలకట్టు విడిగా కాకుండా ఒంటికి అతుక్కుంటే 'వ'. 'వ' పక్కన మామూలుగా కొమ్ము పెడితే అది 'మ'లా కనిపిస్తుంది. అందుకే పు, ఫు, వులకు కొమ్మును కింది నుంచి తిప్పుతారు. అన్నీ ఒకే మందంతో, ఒకే డబ్బాలో కూర్చోబెడితే ముందు మాయమయ్యేవి ఈ చిన్న గీతలే.

ముస్లిం పేర్లకు ఈ దెబ్బ కాస్త ఎక్కువే తగులుతుంది. ఫాతిమా, ఫరీద్, యూసుఫ్, ఆసిఫ్, లతీఫ్... 'ఫ' లేని ఖాందాన్ దొరకడం కష్టం. షఫీ అనే పేరులో రెండు అక్షరాల ఒళ్లూ 'ప'దే, పేరంతా రెండు చిన్న గీతల మీద నిలబడి ఉంది. గఫూర్‌లో 'ఫ' ఒత్తు, కొమ్ము దీర్ఘం రెండూ కిందే ఇరుక్కుంటాయి. నల్ల కాగితంపై బంగారు ఫాయిల్ అచ్చు వేస్తే సన్న గీత తెగిపోవచ్చు. ఫ్లెక్సీపై లావు అక్షరమైతే ఖాళీలు పూడిపోతాయి. ఎటు చూసినా పోయేది ఆ గీతే.

ఉర్దూ పక్కన చేరితే ఇంకో లెక్క. నస్తలీక్ కుడి పైనుంచి ఎడమ కిందికి జారుతూ రాసే లిపి, దాన్ని చదరాల్లో బిగించడం కుదరదు. 1981లో మిర్జా అహ్మద్ జమీల్ 'నూరీ నస్తలీక్'ను కంప్యూటర్ అచ్చుకు తెచ్చినప్పుడు కూడా ఆ జారుడును వదల్లేదు. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష అయింది కాబట్టి రెండు లిపులూ పక్కపక్కన ఉండే బోర్డుల అవసరం పెరిగేదే. అలాంటి చోట ఆకారాలు కలవకపోయినా ఫర్వాలేదు, గీతల మందం కలిస్తే చాలు, కంటికి ఇంపుగా ఉంటుంది. రెండింటికీ ఒకే కుటుంబం కావాలంటే ముంబైకి చెందిన ఎక్ టైప్ వారి 'బాలూ' ఉంది. తెలుగుకు 'బాలూ తమ్ముడు', అరబిక్ లిపికి 'బాలూ భాయీజాన్'. పేర్లు పెట్టినవాళ్లకు సలాం చెప్పాల్సిందే! కానీ భాయీజాన్ నస్తలీక్ కాదు, నస్ఖ్ తీరులో ఉంటుంది. రుక్కాపై పెద్దలు ఒప్పుకుంటారా అన్నది ఇంటింటి సంగతి.

షాపులో అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. కొత్త ఫాంట్లన్నీ యూనికోడ్‌వి. అను ఫాంట్లతో పేజీమేకర్‌లో పని చేసిన పాత పద్ధతిలో ఇవి సరిగా కూర్చోవు, ఒత్తులు విడిపోయి పక్కకు జరుగుతాయి. పాత ఫొటోషాప్ వెర్షన్లలోనూ దక్షిణాసియా భాషల సెట్టింగ్ ఆన్ చేయకపోతే అదే గతి. దుకాణం బోర్డుకు ఇంగ్లిష్ వాళ్లు చెప్పే లెక్క పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు. తెలుగులో ఒత్తులకూ చోటు కావాలి కాబట్టి ఇంకాస్త పెంచాలి. డబ్బా స్టైల్ అంకెల్లో 8, 0 దూరం నుంచి ఒకేలా ఉంటాయి, ఫోన్ నంబర్‌కు మాత్రం మామూలు ఫాంటే వాడమనాలి.

కొత్త స్టైల్ మీద మోజు ఉంటే 'నికాహ్', 'వలీమా' అనే పెద్ద మాటలకు వాడుకోవచ్చు, వాటిని ఎవరైనా గుర్తు పడతారు. దుల్హా దుల్హన్ పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, తారీఖు, ఫంక్షన్ హాల్ అడ్రస్ మామూలు గుండ్రటి అక్షరాల్లో ఉండాలి. ప్రూఫ్‌ను ఫోన్‌లో పెద్దది చేసి చూసి ఓకే చెప్పొద్దు. అసలు సైజులో కాగితంపై తీయించి, ఆ పేర్లు తెలియని పక్కింటి వాళ్ల చేతిలో పెట్టి పైకి చదవమనాలి. వాళ్లు 'గపూర్' అన్నారంటే ఫాంట్ మార్చమని అప్పుడే చెప్పాలి. కార్డులు అచ్చయ్యాక ఒత్తు ఒక్కటి సరిచేయాలన్నా మొత్తం మళ్లీ కొట్టించాల్సిందే.