డాన్స్ క్లాసు పెట్టుకోవచ్చుగా!

భర్తకి అమెరికాలోని చాండ్లర్‌లో ఉద్యోగం, బడికెళ్లే పిల్లలు, చిన్నప్పుడు నేర్చుకున్న కూచిపూడి. ఇలాంటి ఇల్లాలు ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్లినా వినే సలహా ఒకటుంది. ‘‘ఖాళీగా ఎందుకండీ, డాన్స్ క్లాసు పెట్టుకోవచ్చుగా! ఇంట్లోనే ఉంటారు, పిల్లల్నీ చూసుకోవచ్చు.’’ మంచి మనసుతో ఇచ్చే సలహానే. గడియారం చూసి ఇచ్చింది మాత్రం కాదు.

డాన్స్ నేర్చుకునే పిల్లలు ఎప్పుడొస్తారు? బడి వదిలాక, సాయంత్రం పూట. టీచరమ్మ సొంత పిల్లలు ఇల్లు చేరేదీ అప్పుడే. హోంవర్కు, ఆకలి, అలకలు... అన్నీ ఆ మూడు గంటల్లోనే. గ్యారేజీలో ఆమె చెక్కమీద కర్రతో తాళం వేస్తుంటే, లోపలి తలుపు సందులోంచి ఓ బుర్ర తొంగిచూస్తుంది. ‘‘అమ్మా, ఇంకెంతసేపు?’’ పది మంది పిల్లలకి అడుగులు దిద్దే తల్లికి కన్నబిడ్డ లెక్కల పుస్తకం తెరిచే తీరిక ఉండదు. పైగా ఇది అరిజోనా. 2023 వేసవిలో పక్కనున్న ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గలేదు. వేరే ఏసీ లేని గ్యారేజీలో అడుగులు కాదు, అడుగు పెట్టడమే కష్టం. ఇక వీధిలో నాలుగు కార్లు ఎక్కువ ఆగితే హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నుంచి ఉత్తరం రావచ్చు.

అలాగని డాన్స్ క్లాసు వద్దని కాదు. ఇంటెల్ 1980 నుంచీ ఈ ఊళ్లో ఉంది. దాని చిప్‌ల ఫ్యాక్టరీలో (ఫ్యాబ్) పన్నెండు గంటల షిఫ్టు చేసే భర్త వారంలో మూడు నాలుగు రోజులు ఇంటిపట్టునే ఉంటాడు. ఆ ఇంటికి సాయంత్రం క్లాసు చక్కగా అమరుతుంది. అమ్మమ్మో నాన్నమ్మో ఆర్నెల్లకి వచ్చిన ఇంటికీ అంతే, వాళ్లు తిరుగు విమానం ఎక్కేదాకా!

కాబట్టి ఏ కళ ఇష్టమన్నది రెండో ప్రశ్న. దానికి గిరాకీ ఏ గంటల్లో ఉంటుందన్నది మొదటిది. పెళ్లి ఫొటోలు తీసేవారికి శనాదివారాలు ఉండవు. కేకులు చేసేవారికి శుక్రవారం రాత్రి నిద్ర ఉండదు. మగ్గం వర్కు నయం, ఏ పూసదగ్గరైనా ముడేసి లేవొచ్చు. అయితే దసరా, దీపావళి ఆర్డర్లు మీదపడే అక్టోబరులోనే చాండ్లర్ బడులకి రెండు వారాల సెలవులు. ఇంటినిండా పిల్లలు, సోఫానిండా జాకెట్లు!

చాండ్లర్‌కి ఓ వెసులుబాటు ఉంది. అరిజోనాలో చాలా ప్రాంతాలు వేసవికీ చలికాలానికీ గడియారం మార్చవు. హైదరాబాద్‌తో తేడా ఏడాది పొడవునా పన్నెండున్నర గంటలే. పిల్లల్ని ఎనిమిదిన్నరకి పడుకోబెడితే అక్కడ ఉదయం తొమ్మిది. పుస్తకాలకి బొమ్మలు వేయడం, అనువాదం, పెద్దవాళ్లకి ఆన్‌లైన్‌లో సంగీతం నేర్పడం లాంటి పనులకి ఈ లెక్క వరం. అదే సమయానికి న్యూజెర్సీ వాళ్లకి రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది.

ఎనిమిదిన్నర తర్వాత

ఫీనిక్స్ ప్రాంతంలోనే ఉండే స్టెఫెనీ మేయర్ కథ అందరూ చెబుతారు. 2003 జూన్ 2న కల వచ్చిందనీ, అది ‘ట్వైలైట్’ నవలయిందనీ, 2005లో అచ్చై ప్రపంచాన్ని ఊపేసిందనీ. నాకు కలకన్నా ఆ రోజు డైరీ ముఖ్యం. ముగ్గురు చిన్నపిల్లలు, ఈత క్లాసుల మొదటిరోజు. ఆ తర్వాత ఆమె ఎక్కువగా రాసింది రాత్రిళ్లు, పిల్లలు నిద్రపోయాక. మూడు నెలల్లో పూర్తిచేసి పదిహేను ఉత్తరాలు రాస్తే ఒక్క ఏజెన్సీ నుంచే సరైన కబురొచ్చింది. తలుపు దగ్గర ఆర్డరు కోసం ఎవరూ నిలబడి లేరు కాబట్టి ఆ పని రాత్రికి ఒదిగింది. ఆ రోజుల్లో భర్తకి ఉద్యోగం ఉంది. ఈ మాట ఎవరూ చెప్పరెందుకో.

మనకిది కొత్తేం కాదు. 1960, 70 దశకాల్లో పత్రికల సీరియళ్లు ఎందరో ఇల్లాళ్లని రచయిత్రులుగా నిలబెట్టాయి. విడతకి కొన్ని పేజీలంటే వంటా వార్పూ మధ్య పట్టే పనే. ఆ తరానికి మహారాణి అనిపించుకున్న యద్దనపూడి సులోచనారాణి 2018 మేలో కన్నుమూసింది కాలిఫోర్నియాలో, కూతురి దగ్గర.

కాగితాలూ కేకులూ

గంటలు కుదిరాక చూడాల్సింది వీసా. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద ఉన్నవారు ఈఏడీ అనే పని అనుమతి కార్డు లేకుండా డబ్బు పుచ్చుకుని పాఠం చెప్పినా, కేకు అమ్మినా అది అనుమతి లేని పనే. ఇంట్లో చేశాం, నగదు తీసుకున్నాం అంటే చెల్లదు. 2015 మే 26 నుంచి, ముఖ్యంగా భాగస్వామికి ఐ-140 (గ్రీన్‌కార్డు పిటిషన్) ఆమోదం ఉన్నవారికి ఆ కార్డు ఇస్తున్నారు. 2025 అక్టోబరు 30 నుంచి పెట్టే రెన్యువల్ దరఖాస్తులకి దానంతట అదే వచ్చే పొడిగింపు తీసేశారు. కొత్త కార్డు రాకముందే పాతది గడువు తీరితే పని ఆపాలి. ఏడాది ముందే అడ్వాన్సులు తీసుకునేవారు కార్డుమీద తేదీ చూసుకుంటే మంచిది.

కేకుల వాళ్లకి మాత్రం చట్టం మెత్తబడింది. ఫ్రిజ్‌లో పెట్టాల్సినవి ఇంట్లో చేసి అమ్మకూడదన్న నిబంధన అరిజోనాలో చాలాకాలం ఉండేది. అంటే తాజా క్రీముతో చేసే రసమలై కేకు కుదరదు. 2023లో ఈ నిబంధన సడలించే బిల్లుని గవర్నర్ కేటీ హాబ్స్ తిప్పికొట్టారు. వీధుల్లో టమాలేలు అనే మెక్సికన్ వంటకం అమ్మి బతికేవారు గొడవ చేశారు. ‘టమాలే బిల్లు’గా మళ్లీ వచ్చినదానిమీద 2024 మార్చిలో ఆమే సంతకం చేశారు. ఆహార భద్రత శిక్షణ తీసుకుని, రాష్ట్ర ఆరోగ్యశాఖలో పేరు నమోదు చేసుకుని, డబ్బా మీద సరైన లేబులు అంటిస్తే చాలు. మెక్సికన్ అమ్మల పోరాటం మన రసమలైకి దారిచ్చింది!

ధర దగ్గరే మనవాళ్లు తడబడతారు. ఓ రాత్రి కేకు బేక్ చేసి చల్లార్చాలి. మర్నాడు రాత్రి ఇంట్లో అందరూ వణుకుతున్నా ఏసీ పెంచి, క్రీము జారకుండా నెమలిపింఛం దిద్దాలి. కారు ముందే చల్లబరిచి, కేకుని ఒళ్లో బిడ్డలా పట్టుకుని చేర్చాలి. తీరా ‘‘మనవాళ్లేగా’’ అని పిండి, వెన్న ఖర్చు పుచ్చుకుని వస్తారు. అది కెరీర్ కాదు, మొహమాటం. ఖర్చులు పోను ఏడాదికి 400 డాలర్లు మిగిలినా స్వయం ఉపాధి పన్ను కట్టాలి, రేటు 15.3 శాతం. సర్కారే ఆ పనిని వ్యాపారంగా చూస్తున్నప్పుడు చేసేవారు చూడకపోతే ఎలా?

ఇంట్లోవాళ్లకీ ఓ విన్నపం. ఆవిడ పని గంటలు ఫ్రిజ్ తలుపుకి అంటించాక, ఆ గంటల్లో ఆవిడ ఇంట్లో లేనట్టే లెక్క. రిమోట్ ఎక్కడుందని అడక్కండి. టిఫిను డబ్బాలు మీరే కడగండి.