నాసికా సౌందర్య శస్త్రచికిత్స అనంతర స్వస్థత: ఉత్తరాంధ్ర నేపథ్యం

ముక్కు ఆకృతిని సరిదిద్దే శస్త్రచికిత్సను రైనోప్లాస్టీ అంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రజలు ఇటువంటి ప్రత్యేక చికిత్సలకు ఎక్కువగా విశాఖపట్నం వెళ్తుంటారు. శ్రీకాకుళం నుంచి విశాఖకు దూరం సుమారు 100 కిలోమీటర్లు. అందువల్ల కోలుకునే కాలంలో అధికభాగం శస్త్రవైద్యునికి దూరంగా, ఇంటివద్దనే గడుస్తుంది. ఏ మార్పు సహజమో, ఏది ప్రమాద సూచనో రోగికి, ఇంటివారికి ముందే తెలిసి ఉండాలి.

ముక్కుపై అమర్చిన స్ప్లింటును సాధారణంగా వారం రోజులకు తొలగిస్తారు. కళ్ల చుట్టూ కమిలిన నలుపు సుమారు రెండు వారాల్లో తగ్గుతుంది. ఈ కాలంలో తలను ఎత్తుగా ఉంచి పడుకోవాలి. ముక్కు చీదరాదు, బరువులెత్తరాదు. కళ్లజోడు, ముక్కుపుడక, నత్తు, బులాకీ వంటివాటిని వైద్యుని అనుమతితోనే తిరిగి ధరించాలి.

ముక్కు కొన వద్ద వాపు పూర్తిగా తీయడానికి ఏడాది పడుతుంది; చర్మం మందంగా ఉన్నవారికి ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. కనుక నెల తిరగకముందే ఫలితాన్ని నిర్ణయించడం తగదు. దిద్దుబాటు శస్త్రచికిత్సను కూడా సాధారణంగా ఏడాది గడిచిన తరువాతనే ఆలోచిస్తారు.

అయితే అన్ని వాపులూ వేచిచూడదగినవి కావు. ముక్కు రంధ్రాల మధ్యగోడలో రక్తం చేరితే ఊపిరి ఆడక, నొప్పి తీవ్రమవుతుంది. మృదులాస్థికి పోషణ అందక, కొద్ది రోజుల్లోనే అది నశించి ముక్కు దూలం కుంగవచ్చు. ఆ రక్తాన్ని వెంటనే తొలగించాలి. ఇటువంటి లక్షణాలు, ఆగని రక్తస్రావం లేదా జ్వరం కనిపిస్తే, విశాఖ ప్రయాణం కుదిరేవరకు ఆగక, సమీపంలోని చెవి, ముక్కు, గొంతు వైద్యుని అదేరోజు సంప్రదించాలి.